తిన్నె రాయి

మన పత్రికకు ఏదైనా రాసి పంపమని సంపాదకులు అడిగినప్పుడల్లా "చూద్దాం లెండి" అని తప్పించుకుంటూ వచ్చాను. తపాలా శాఖలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి ఊళ్ళవాళ్ళ ఉత్తరాలన్నీ ఊళ్ళకు చేర్పించినవాణ్ణే గాని, నేనుగా రాసినవి తక్కువ. ఈసారి మాత్రం రాయక తప్పలేదు. దానికి కారణం ఒక రాయి.

గుడియాత్తంలో నేతగాళ్ళ వీధిలో మా ఇల్లు. వాకిలికి అటూ ఇటూ రెండు తిన్నెలు. ఎడమ పక్క తిన్నె మీద నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండే నల్లరాతి పలక పరిచి ఉండేది. దాని మీద పులిజూదం పటం చెక్కి ఉంది. పైన ఒక కొన, అక్కడినుంచి కిందికి విచ్చుకున్న గీతలు, వాటికి అడ్డంగా మరికొన్ని గీతలు. అరవంలో ఆడుపులి ఆట్టం అంటారు, మా ఇంట్లో మేకపులి అనేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. మేకను పులి దూకి చంపాలి, పులిని మేకలన్నీ చేరి కదలకుండా కట్టెయ్యాలి. కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు పెట్టుకుని పెద్దవాళ్ళు కూడా ఆడేవాళ్ళు. వైకాశి నెల మొదటి రోజున గంగమ్మ శిరస్సు ఊరేగింపు చూడడానికి చుట్టుపక్కల పల్లెల జనమంతా ఊళ్ళోకి దిగినప్పుడు, ఆ రాయి చుట్టూ ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చుని ఆడి వెళ్ళిపోయేవాళ్ళు. మా అవ్వ వాళ్ళకు మజ్జిగ ఇచ్చేది, గెలిచినవాడికీ ఓడినవాడికీ ఒకే చెంబుతో.

మిగతా రోజుల్లో ఆ రాయి మీద వడియాలు ఎండేవి.

1975లో, నాకు పదిహేనేళ్ళప్పుడు, మా నాయన నన్నూ తమ్ముణ్ణీ మాచర్లకు తీసుకుపోయాడు. ఆయన లుంగీలు నేసేవాడు. నాలుగు మగ్గాల సరుకు పోగుచేసి బయటి ఊళ్ళకు పంపేవాడు కూడా. మాచర్లలో ఒక దుకాణదారు ఏడాదిగా బాకీ పెట్టుకుని ఉన్నాడు. పిల్లల్ని వెంటబెట్టుకుని పోతే మొహమాటపడి ఇస్తాడని నాయన ఉపాయం. ఆ పెద్దమనిషి మాకు కడుపునిండా భోజనం పెట్టాడు, సగం డబ్బు ఇచ్చాడు, మిగతాది రేపు చూద్దామన్నాడు. ఆ "రేపు" వరకూ ఏంచెయ్యాలో తోచక నాయన మమ్మల్ని నాగార్జునకొండకు తీసుకుపోయాడు. అందరూ చూస్తున్నారట, మనమూ చూద్దాం అని తప్ప ఆయనకు దాని గురించి ఏమీ తెలియదు.

లాంచీలో వెళ్ళాం. చుట్టూ నీళ్ళు. లాంచీలో ఒకాయన వేలితో నీళ్ళలోకి చూపిస్తూ, "ఇక్కడే ఉండేదండీ ఊరు, మనమిప్పుడు ఊరి మీదుగా పోతున్నాం" అన్నాడు. మా తమ్ముడు వెంటనే వంగి నీళ్ళలోకి చూశాడు. నాయన వాడి నిక్కరు పట్టుకుని వెనక్కి లాగాడు.

అప్పుడు సగం అర్థమైనదీ, తర్వాత ఉద్యోగంలో ఉండగా గ్రంథాలయాల్లో చదువుకున్నదీ కలిపి చెబుతాను. మనవాళ్ళకు నాగార్జునకొండ అంటే బౌద్ధ స్తూపాలే గుర్తొస్తాయి. కాని అది ఒక నగరం. పేరు విజయపురి. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులు రాజధాని చేసుకున్న చోటు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అని నలుగురు రాజుల పేర్లు శాసనాల్లో దొరుకుతాయి. మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ. నది ఒడ్డున కోట, దాని చుట్టూ కందకం. కోటకు అవతల బజార్లు, సందులు, మామూలు జనం ఇళ్ళు. ఎహువుల శాంతమూలుడి కాలంలోనే, 278లో, ఆభీర వసుసేనుడి పేరున వేయించిన శాసనం ఒకటి ఉంది. అష్టభుజస్వామి గుడిలో మేడికొయ్యతో చేసిన విగ్రహం సంగతి అందులో ఉంది. విగ్రహం కొయ్య కాబట్టి పోయింది. దాని గురించి రాసిన రాయి మిగిలింది.

ఈ నగరం వందల ఏళ్ళపాటు మట్టికింద ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. మాచర్లలో ఉపాధ్యాయుడైన సూరపరాజు వెంకటరామయ్యగారు అక్కడ పాత స్తంభాలున్నాయని చెప్పగా, 1926లో మద్రాసు శాసన విభాగంలో పనిచేసే ఎ. రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. ఆ మరుసటి ఏడు నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించాడు, 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారు తవ్వించారు. ఆ తర్వాత కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. నీళ్ళు వచ్చేలోపల దొరికినంత దొరకబుచ్చుకోవాలని 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. వందకు పైగా చోట్ల తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని రాయి రాయి విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి కట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. మిగతాదంతా నీళ్ళపాలు.

స్తూపాలూ విహారాలూ గొప్పవే. కాని నన్ను అప్పటికీ ఇప్పటికీ పట్టుకున్నవి చిన్న చిన్న సంగతులు. ఒక ఇంట్లో మూస దొరికింది, గీటురాయి దొరికింది, ఇనుప రోకలిబండ దొరికింది, రాతివీ మట్టివీ తూకాలు దొరికాయి, నగల నమూనాలు చెక్కిన అచ్చులు దొరికాయి. ఇంకేం చెప్పాలి, అది కంసాలి ఇల్లు. రాజుల పేర్లన్నీ శాసనాలు చెప్పాలి గాని, ఆ కంసాలి ఏ శాసనమూ లేకుండానే తన ఇల్లు తనే చెప్పుకున్నాడు. ఒక శాసనంలో తమలపాకుల వాళ్ళ సంఘం, పిండివంటలు చేసేవాళ్ళ సంఘం పేర్లు ఉన్నాయి. అంటే ఆనాడు కూడా భోజనం తర్వాత తాంబూలం, పండగపూట అరిసెలో అప్పాలో ఉన్నాయన్నమాట. ఒక విహారం దగ్గర "విగతజ్వరాలయం" అని చెక్కిన రాయి దొరికింది. జ్వరం తగ్గేదాకా ఉంచే ఇల్లు అని పండితులు చెబుతారు. జ్వరం వచ్చినవాణ్ణి ఒక చాపమీద పడుకోబెట్టి పక్కన నీళ్ళకుండ పెట్టిన దృశ్యం నా కళ్ళకు కడుతుంది. మూలభూతుడనే శిల్పుల పెద్ద చనిపోతే అతని జ్ఞాపకార్థం ఛాయాస్తంభం నిలబెట్టారు. పనివాడికి స్తంభం ఎత్తిన ఊరు అది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, తామ్రపర్ణి దేశాల వరసలో దమిళ దేశం పేరు కూడా ఉంది. అది చదివిన రోజున నాకు ఎందుకో సంతోషం కలిగింది. మనం తమిళదేశంలో ఉన్న తెలుగువాళ్ళం కదా, ఆ ఒక్క మాటతో మనకూ ఆ ఊళ్ళో కాస్త చోటు దొరికినట్టు అనిపించింది.

రంగస్థలం ఒకటి ఉంది. నడుమ 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉండే నలుచదరపు బయలు, చుట్టూ మెట్లు మెట్లుగా కూర్చునే చోటు, ఇటుకలతో కట్టి పైన రాతి పలకలు పరిచారు. పైన గట్టు మీద పిల్లలతల్లి హారీతి గుడి. ఇప్పుడు అనుపులో ఆ మెట్ల మీద కూర్చుని కింద ఒకరు మామూలుగా మాట్లాడినా వినవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, నా ఈ వ్యాసానికి సంబంధించినది, అక్కడి రాతి పలకల మీద ఎవరో గీసుకున్న ఆటపటాలు. ఏ రాజూ చెక్కించమనలేదు. ఎండ తగ్గేదాకానో, ఎవరో వచ్చేదాకానో కూర్చున్నవాళ్ళు గీసుకున్నారు. అదే కాలంలోనూ ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్ళలోనూ రోము సామ్రాజ్యపు పట్టణాల్లో కూడా ఇంతే. టర్కీలోని అఫ్రొడిసియాస్ అనే పాత నగరంలో బజారు పలకల మీద, కొలను గట్టు మీద ఇలాంటి ఆటపటాలు వందలకొద్దీ ఉన్నాయి. అక్కడి పండితులు వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టి పటాలు గీసి పుస్తకాలు వేశారు. మన వైపు గుళ్ళలో మండపాల నేల మీద మేకపులి గీతలు ఎన్ని లేవు? మన రాయవేలూరు కోటలోని ప్రభుత్వ మ్యూజియంలో కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి దంతపు చదరంగపు పలకలు ఉన్నాయి. ఆయన మదుర నాయకుల బంధువర్గం, మూలంలో తెలుగువాడు. ఇంగ్లీషువాళ్ళు రాజ్యం లాక్కుని 1816లో ఇక్కడికి తెచ్చి కోటలో పెట్టారు, 1832లో ఇక్కడే పోయాడు. పదహారేళ్ళు. మనిషికి కాలం జరగనప్పుడు ఏంచేస్తాడో ఆయనా అదే చేశాడు.

తిరిగి 1975కు వస్తాను. మ్యూజియంలో చూపించే ఆయన కంసాలి ఇంటి సంగతి చెప్పగానే మా నాయన ఆగిపోయాడు.

"ఏం సామీ, నేసేవాళ్ళ ఇండ్లు ఏవీ దొరకలేదా?" అన్నాడు.

"బట్ట నిలవదండీ. నూలు కుళ్ళిపోతుంది, కొయ్య చెదపట్టిపోతుంది. పాత ఊళ్ళలో కదురుకు తగిలించే మట్టి బిళ్ళలు దొరుకుతుంటాయి, అంతే. మగ్గం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు ఆయన.

నాయన కాసేపు ఏమీ అనలేదు. లాంచీ కోసం ఎదురుచూస్తూ మెట్ల మీద కూర్చున్నప్పుడు, మాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "అయితే మన ఇల్లు తవ్వినా వాళ్ళకు మగ్గం గుంత ఒకటి కనిపిస్తుంది. చెత్త వేసుకునే గుంత అనుకుంటారు."

నేను నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. వాడికి పన్నెండేళ్ళు.

మిగతా బాకీ ఆ "రేపు" కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఆ ఏడే నన్ను వేలూరులో మా మేనమామ ఇంట్లో పెట్టి చదివించారు. అక్కడే చదువు, అక్కడే ఉద్యోగం, అక్కడే పెళ్ళి. తమ్ముడు గుడియాత్తంలో గుంతలోకి దిగాడు. ఆ మాటకు నేతగాళ్ళ ఇళ్ళలో అర్థం వేరు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు ఇక లేవడు. నాయన 1998లో పోయాడు. ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది. పవర్‌లూమ్ లుంగీ సగం ధరకు వస్తున్నప్పుడు చేతిమగ్గం లుంగీ ఎవరు కొంటారు? తమ్ముడు చివరి మగ్గం విప్పి, ఒక కొట్టులో లెక్కలు రాసే పనికి చేరాడు. గుంతను మాత్రం పూడ్చలేదు. దాని మీద పలకలు వేసి బియ్యం మూట పెట్టుకున్నారు. అమ్మ ఆ ఇంట్లోనే 2012 దాకా ఉంది. వంటింటి గోడ మీద బొగ్గుతో పాల లెక్క రాసేది. రోజుకొక గీత, నెలకు ఒక సున్న, పక్కన తెలుగంకెల్లో మొత్తం. పాలవాడు అరవవాడు, అతనికి ఆ అంకెలు అర్థమయ్యేవి కావు, అయినా గోడ వైపు చూసి తల ఊపి డబ్బు తీసుకునేవాడు. మా మనవరాలికి కూడా ఆ అంకెలు రావు. అది తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని చదవలేదు.

2017లో తమ్ముడు ఇల్లు అమ్మేద్దామన్నాడు.

నేను ఒప్పుకోలేదు. నాకు ఆ ఇల్లు ఒక మ్యూజియం. పండగకు వెళ్ళి, తిన్నె మీద కూర్చుని, పిల్లలకు "ఇదిగో మీ ముత్తాత చెక్కిన మేకపులి, నూరేళ్ళ నాటిది" అని చూపించి, సాయంత్రం బస్సుకు వేలూరు వచ్చేసేవాణ్ణి. వానాకాలంలో ఆ ఇంటి పైకప్పు ఎన్ని చోట్ల కారేదో మా మరదలికి తెలుసు. ఏ గదిలో ఏ గిన్నె పెట్టాలో ఆమెకు పాఠం. మరమ్మతుకు నేనిచ్చిన డబ్బు ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. అయినా గట్టిగా మాట్లాడింది నేనే. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నలుగురి ముందు, "నాయన ఎముకలు అమ్ముకుంటున్నావురా" అన్నాను. వాడు నా మొహం వైపు చూడలేదు. సంతకాలు పెట్టాం. నా సగం వాటా నేను తీసుకున్నాను. ఆ డబ్బుతోనే మా అమ్మాయి పెళ్ళి చేశాను. ఈ వాక్యం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సరే, రాశాను.

అప్పటినుంచి ఆరేళ్ళు మాటల్లేవు. పెళ్ళికి వాడు రాలేదు, మరదలు ఒక్కతే వచ్చి అక్షింతలు వేసి వెళ్ళిపోయింది.

ఆ ఆరేళ్ళలో నాగార్జునకొండ గురించి మళ్ళీ చదివాను, ఈసారి వేరే కళ్ళతో. ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు ఉండేవి. పాత విజయపురి కోసం ప్రపంచంలోని పండితులంతా బాధపడ్డారు, అది న్యాయమే. కాని అదే నీళ్ళలో తమ ఇల్లు, తమ చింతచెట్టు, తమ బావి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ తిన్నెలను ఎవరూ రాయి రాయి విప్పి కొండమీదికి ఎక్కించలేదు. మరి ఆనకట్ట వద్దనగలమా? కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో, ఎడమకాలువ కింద నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో లక్షల ఎకరాలకు ఆ నీళ్ళే ఆధారం. మేం తిన్న అన్నంలో ఆ నీళ్ళు లేవని ఎలా చెప్పగలం? నేనైతే ఆనకట్ట కట్టడమే సరి అంటాను. నగరం తొమ్మిది పాళ్ళు మునిగినా సరే. ఈ సంగతి పుస్తకంలో చదువుతున్నప్పుడు ఎంత సులభంగా ఒప్పుకున్నానో, కారే పైకప్పు కింద ఉన్న తమ్ముడి విషయంలో అంత కష్టమయింది.

ఇల్లు కొన్నవాళ్ళు పాతది కూల్చి మూడంతస్తులు కట్టారు. తిన్నె రాయి ఏమయిందని నేను అడగలేదు. అడగడానికి ఎవరితో మాటలున్నాయి? రాళ్ళకు పట్టే గతి తెలిసిందే గదా అనుకున్నాను. అమరావతి స్తూపం శిల్పాలనే సున్నం బట్టీల్లో వేసి కాల్చారు, ఇంటి పనులకు వాడుకున్నారు. 1797లో మెకంజీ దొర మొదటిసారి వచ్చి చూసేనాటికే అక్కడ ఇటుకలూ రాళ్ళూ పెరుక్కుపోయే పని నడుస్తోంది. అంతటి రాళ్ళకు దిక్కులేనప్పుడు మా వడియాల రాయి ఎంత?

ఒక మాట మధ్యలో చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా తండరాంపట్టు వైపు పనిమీద వెళ్ళినప్పుడు ఎడుత్తనూరులో ఒక వీరగల్లు చూశాను. పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరం నాటిది, అంటే ఏడో శతాబ్దం మొదటి భాగం. పశువులను కాపాడుతూ చనిపోయిన వీరుడొకడు, అతని పక్కన అతని కుక్క. దొంగలను తరిమిందని కుక్క పేరు కూడా రాశారు. కోవివన్. ఇక్ష్వాకులు పోయాక కృష్ణాతీరంలో మంచికల్లు శాసనంలో పల్లవుల పేరు వినిపిస్తుంది. ఆ పేరుగలవాళ్ళే తర్వాత కంచిలో కూర్చుని మన పాలేటి ప్రాంతాన్ని కూడా ఏలారు. రాజులు వచ్చారు పోయారు, ఆ కుక్క పేరు మాత్రం ఇంకా రాతి మీద ఉంది. అక్కడ నిలబడి ఉన్నప్పుడు, మా ముత్తాత మేకపులి పటం చెక్కి పక్కన తన పేరైనా చెక్కుకోలేదే అనుకున్నాను.

2024లో ఒక ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. నంబరు నాకు తెలుసు. ఎత్తి "ఆఁ" అన్నాను. అటునుంచి పలకరింపు లేదు.

"రాయి దొరికిందన్నా" అన్నాడు.

సంగతేమిటంటే, మా పాత వీధిలో మురుగుకాలువ వెడల్పు చేస్తున్నారు. కాలువ మీద ఇంటింటి ముందూ వేసుకున్న పలకలన్నీ పెళ్ళగించి ఒక పక్కన పడేశారు. కొట్టుకు పోతూ పోతూ వీడు చూశాడు. నాలుగిళ్ళ అవతల కాలువ మీద బోర్లా వేసి ఉందట, గీతలున్న వైపు కిందికి. అందుకే ఆరేళ్ళు దాని మీద నడిచినవాళ్ళు ఎవరికీ తెలియలేదు. పైవైపు బండ్లు ఎక్కి దిగి అరిగిపోయింది. బురదలో ఉన్న వైపు చెక్కుచెదరలేదు. ఒక మూల మాత్రం విరిగింది. వీడు ఇద్దరు కూలీలను పెట్టి తన అద్దె ఇంటి ముందుకు మోయించుకున్నాడు. దానికి అయిన ఖర్చులో సగం నేనివ్వాలని మరీ మరీ చెప్పాడు. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి తిరిగింది.

మధ్యాహ్నానికల్లా గుడియాత్తం చేరాను. మరదలు రాయిని గుడ్డల సబ్బుతో తోమి, పసుపు రాసి, వాకిట్లో ఆనించి పెట్టింది. ఎవరమూ పాత మాటలు ఎత్తలేదు. భోజనం చేశాం. తర్వాత రాయిని పడుకోబెట్టి చూస్తున్నప్పుడు, నాకు అలవాటైన పాఠం నోట్లోకి వచ్చింది. పక్కన ఉన్న వాడి మనవడితో, "ఇది మీ తాతకు తాత చెక్కింది, నూరేళ్ళ నాటిది" అన్నాను.

తమ్ముడు, "నూరేళ్ళేంది అన్నా, నేను చెక్కింది" అన్నాడు.

నేను నమ్మలేదు. వాడు రాయి మీద నీళ్ళు చల్లి చూపించాడు. తడిస్తే తెలుస్తుంది. లోతైన గీతల పక్కనే, వాటికి సరిగ్గా కలవకుండా, సన్నటి పాత గీతలు ఉన్నాయి. ముత్తాతవో, రాయి అంతకుముందు ఎక్కడ ఉండేదో అక్కడివాళ్ళవో, అవి అరిగి అరిగి దాదాపు పోయాయి. వాటి మీద మళ్ళీ లోతుగా చెక్కినవాడు వీడు. ఎప్పుడు? నాగార్జునకొండ నుంచి వచ్చిన ఆ ఎండాకాలం తర్వాత, నేను వేలూరు వెళ్ళిపోయాక. నాయన లేని పూటల్లో, ఇనుప మేకూ సుత్తీ పెట్టి, రోజుకు ఒక జానెడు గీత. మూడు నెలలు పట్టిందట. నాయన చూసి తిట్టలేదట. ఒకరోజు మేకు మొన సానపట్టి ఇచ్చాడట.

"ఎందుకురా?" అన్నాను.

"ఆయప్ప చెప్పినాడు గదా, బట్ట నిలవదు, రాయి నిలుస్తుందని" అన్నాడు తమ్ముడు.

నేను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ గీతలు కొత్తగా ఉన్నాయని ఎందుకు గమనించలేదు? ఆలోచిస్తే గుర్తురావడంలేదు. అప్పటికే నేను చుట్టంగా వచ్చి పోయేవాణ్ణి. యాభై ఏళ్ళు ఆ పటం ముత్తాతదని పిల్లలకు చెబుతూ వచ్చాను. పురావస్తు పండితుడెవరైనా ఇంత పెద్ద తప్పు చేస్తే ఉద్యోగం పోయేది.

సాయంత్రం చింతగింజలు తెచ్చుకుని కూర్చున్నాం. విరిగిన మూల రెండు గీతలు లేవు, వాడి మనవడు సుద్దముక్కతో నేల మీదికి పొడిగించి గీశాడు. నాకు పులులు, వాడికి మేకలు. పదిహేను మేకలూ పటం మీదికి దిగేదాకా ఏ మేకనూ జరపకూడదని నేను, జరపవచ్చునని వాడు. మా నాయన ఆడిన పద్ధతి ఏదో తేలలేదు. మరదలు వచ్చి, అత్తయ్య ఎలా ఆడేదో తనకు తెలుసునని మూడో పద్ధతి చెప్పింది. ఇద్దరమూ ఒప్పుకోలేదు.

రాయిని వేలూరు తెచ్చుకుందామని మొదట అనుకున్నాను గాని, దాన్ని చూడగానే ఆటోవాడు "అయ్యా, నా బండి విరిగిపోతుంది" అని వెళ్ళిపోయాడు. అక్కడే ఉంది. ఆదివారాలు నేనే వెళుతున్నాను. కూలీల ఖర్చులో నా సగం ఇంకా ఇవ్వలేదు, అడిగినప్పుడల్లా రేపు చూద్దామంటున్నాను.